దిగుడులో జారే గేరు

డార్జిలింగు జిల్లాలో, నేపాలు సరిహద్దును ఆనుకుని, మానేభంజంగ్ అనే చిన్న ఊరు ఉన్నది. అక్కడి నుండి పశ్చిమ బెంగాలులోకెల్లా ఎత్తయిన సందక్‌ఫూకు 31 కిలోమీటర్ల దారి. శిఖరం ఎత్తు 3,636 మీటర్లు. చిరకాలం ఈ దారి పొడుగునా పేర్చిన బండరాళ్ళు, వాటి నడుమ గుంటలు, మలుపు మలుపునా లోయ తప్ప రోడ్డు అనదగినది లేదు. బికేభంజంగ్ దాటిన తరువాత వచ్చే చివరి ఎక్కుడు మరీ నిట్టనిలువు. ఈ దారిన యాత్రికులను, బియ్యపు బస్తాలను, వంట సామగ్రిని మోసుకుపోయినవి 1950ల నాటి లాండ్ రోవర్ బళ్ళు. తేయాకు తోటల దొరల కాలంలో ఈ కొండలకు వచ్చాయని స్థానికులు చెబుతారు. 2018లో తన డెబ్బయ్యవ ఏట ఆ కంపెనీ ఈ ఊరిని గురించి ఒక చిన్న చిత్రం తీసింది. అప్పటికి అక్కడ నలభైకి పైగా పాత బళ్ళు ఇంకా కూలి సంపాదిస్తూనే ఉన్నాయి.

వాటి బానెట్టు ఎత్తి చూసిన వారికి ఒక వింత కనబడుతుంది. చాలా బళ్ళలో ఇంగ్లండు నుండి వచ్చిన పెట్రోలు ఇంజను లేదు. అది ఎన్నడో అరిగిపోయింది, విడిభాగాలు దొరకడం మానేశాయి. దాని స్థానంలో మన దేశపు డీజిలు ఇంజను కూర్చుని ఉంటుంది. రేకు పాతది, చట్రం పాతది, గుండె కొత్తది.

ఇంజను కొనడం డబ్బుతో అయ్యే పని. పరాయి ఇంజనును పాత చట్రంలో నిలబెట్టడం, దాని వెనుక గేరుబాక్సును వరుస తప్పకుండా బిగించడం, ఆ పైన డ్రైవరు చేయి చాచిన చోటికి గేరు రాడ్డును తీసుకురావడం మాత్రం ఏ దుకాణంలోనూ దొరికేవి కావు. ఆ పట్టీలు, ఆ కడ్డీలు షెడ్డులోనే పుట్టాలి. పుట్టినవి సరిగా పుట్టాయో లేదో తేలేది బండి కొండ ఎక్కేటప్పుడు కాదు, చాలాసార్లు దిగేటప్పుడు. మొదటి గేరులో వేసి నిదానంగా దించుతున్న బండి ఉన్నట్టుండి గేరు విడిచి న్యూట్రలులోకి జారితే, ఇంజను పట్టు పోయి, బరువంతా బ్రేకుల మీద పడుతుంది. ఇట్టి దారిలో వేడెక్కిన పాత డ్రమ్ము బ్రేకులను నమ్ముకుని ప్రయాణం చేయడం ఎవరికీ క్షేమం కాదు. ఆ జారుడుకు కారణం ఏమిటి? గేరుబాక్సులోని పళ్ళు అరిగాయని అందరూ మొదట అనుకుంటారు. గేరుబాక్సు విప్పిస్తారు, డబ్బు ఖర్చు చేస్తారు, మళ్ళీ బిగిస్తారు. జారుడు పోదు. పొరపాటు తరచుగా గేరుబాక్సు బయట, దానిని పట్టుకున్న పట్టీకీ దానిని కదిలించే కడ్డీకీ మధ్య దాగి ఉంటుంది.

అసలు లాండ్ రోవరే ఇట్టి అతుకు పనిలో పుట్టింది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక రోవర్ కంపెనీ ప్రధాన ఇంజనీరు మారిస్ విల్క్స్ వేల్స్ తీరంలోని ఆంగ్లసీ దీవిలో తన పొలం పనులకు అమెరికా సైన్యం వదిలిపోయిన జీపును వాడేవాడు. అది మూలపడితే దాని స్థానంలో ఏమి కొనాలన్న ప్రశ్న వచ్చింది. 1947 వేసవిలో తయారైన తొలి నమూనాకు జీపు చట్రం, జీపు ఇరుసులు తీసుకుని, వాటిలో రోవర్ కారు ఇంజనును, గేరుబాక్సును కూర్చారు. స్టీరింగు నడిమధ్యన పెట్టారు. 1948 ఏప్రిల్ 30న ఆంస్టర్‌డాం ప్రదర్శనలో లోకానికి కనబడిన బండి అప్పటికి చాలా మారిపోయింది గాని, దాని జన్మ ఒకరి చట్రంలో మరొకరి యంత్రాన్ని ఇమిడ్చే పనిలో జరిగిందన్నది చరిత్ర. కనుక మానేభంజంగ్ మెకానిక్కు చేసిన పనిని అపచారమని ఎంచే పురాతన వాహన ప్రియులు ఈ సంగతిని ఒకసారి తలచుకోవడం మంచిది.

ఇంజను మార్పిడిలో మొదటి తీర్మానం దేనిని కదపకుండా ఉంచాలన్నది. అనుభవజ్ఞులు వీలైనంత వరకు గేరుబాక్సును, దాని వెనుక ఉండే ట్రాన్స్‌ఫర్ బాక్సును పాత చోటనే ఉంచి, ఇంజనునే వాటి దగ్గరకు తెస్తారు. (నాలుగు చక్రాలకూ శక్తిని పంచేది, దిగువ గేరును ఇచ్చేది ఈ ట్రాన్స్‌ఫర్ బాక్సే.) అవి చోటు మారకపోతే ముందుకూ వెనుకకూ పోయే రెండు ప్రొపెల్లర్ షాఫ్టుల పొడవు మారదు, వాటి వాలు మారదు, రాడ్లు నేలరేకులోని పాత రంధ్రాల గుండానే పైకి వస్తాయి. ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య ఒక అడాప్టరు ప్లేటు మాత్రం కావాలి. మందపాటి పలకను లేతు మీద తిప్పి, ఒక వైపు ఇంజను బోల్టులకు, మరొక వైపు గేరుబాక్సు బోల్టులకు రంధ్రాలు వేసి తయారుచేస్తారు. విజయవాడ ఆటోనగర్‌లో లేతు పట్టిన ఏ పెద్ద మేస్త్రీకీ ఇది కొత్త పని కాదు. రంధ్రాలు కుదరడం ఒక ఎత్తు, ఇంజను క్రాంకు షాఫ్టు మధ్యరేఖా గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్టు మధ్యరేఖా ఒకటి కావడం మరొక ఎత్తు. వెంట్రుకవాసి తేడా కంటికి కనబడదు. కాని షాఫ్టు కొసను మోసే పైలట్ బేరింగుకు, క్లచ్చి ప్లేటుకు అది ప్రతి చుట్టులోనూ తెలుస్తుంది. కొన్ని వేల కిలోమీటర్ల తరువాత యజమానికి తెలుస్తుంది.

గేరుబాక్సు కూడా మార్చవలసి వస్తే కథ పెద్దదవుతుంది. కొత్త గేరుబాక్సు పాతదానికంటె పది సెంటీమీటర్లు పొడవనుకుందాం. ట్రాన్స్‌ఫర్ బాక్సు అంత వెనుకకు జరుగుతుంది. వెనుక షాఫ్టును కోసి పొట్టి చేయాలి, ముందు షాఫ్టును పొడిగించాలి. పొట్టి అయిన షాఫ్టు మరింత ఏటవాలుగా నిలుస్తుంది. ఏటవాలుగా తిరిగే యూనివర్సల్ జాయింటుకు, మన మెకానిక్కులు క్రాసు అని పిలిచే దానికి, ఒక జన్మదోషం ఉన్నది. ఒక వైపు సమవేగంతో తిప్పినా, రెండవ వైపు చుట్టుకు రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. షాఫ్టు రెండు కొసలా క్రాసులు సమాన కోణంలో, ఒకే తీరున నిలిచినప్పుడే ఒకదాని తప్పును రెండవది దిద్దుతుంది. గేరుబాక్సును నిలబెట్టే పట్టీని ఒక్క అంగుళం పైకో కిందికో వేస్తే ఈ సమానత చెడుతుంది. అందుకే ఈ పని తెలిసిన మేస్త్రీలు వెల్డింగు రాడ్డు కంటె ముందు రసమట్టం చేతబడతారు.

ఇప్పుడు పట్టీల సంగతి. మన షెడ్లలో ఇంజనును మోసే రబ్బరు దిమ్మెలను ‘ఫౌండేషన్లు’ అంటారు. ఇంగ్లీషు వారి నోట ఆ మాటకు ఈ అర్థం లేదు. ఇల్లు కట్టే వారి మాటను బండి కట్టే వారు ఎరువు తెచ్చుకున్నారు. మాట చక్కనిదే కాని కొంత తప్పుదారి పట్టిస్తుంది. ఇంటి పునాది కదలకుండా ఉండాలి. ఇంజను పునాది కదలాలి. ఎంత కదలాలన్నదే అందులోని విద్య.

రబ్బరు లేకుండా ఇంజనును నేరుగా చట్రానికి బిగిస్తే ఏమవుతుంది? నాలుగు సిలిండర్ల ఇంజను స్వభావతః అదురుతుంది. డీజిలైతే మరీను. ఆ అదురు చట్రమంతా పాకి, రేకులు మోగి, చివరకు పోత ఇనుముతో చేసిన ఇంజను చెవులు బీట వేస్తాయి. అంతేగాక కొండదారిలో ఒక చక్రం రాయి ఎక్కి, ఎదుటి మూల చక్రం గుంటలో దిగినప్పుడు చట్రం మెలిపడుతుంది. దానికి నాలుగు చోట్ల కరుడుగా బిగించిన ఇంజను, గేరుబాక్సు కూడా ఆ మెలికను పంచుకోవలసి వస్తుంది. మెలిపడటానికి అవి తయారైనవి కావు. 1931లో అమెరికాలో క్రైస్లర్ కంపెనీ తన ప్లిమత్ కారులో ఇంజనును ముందు వైపు కాస్త ఎత్తుగా, వెనుక వైపు పల్లంగా, రెండు రబ్బరు ఆధారాల మీద నిలబెట్టింది. ఆ రెండింటినీ కలిపే గీత ఇంజను బరువు కేంద్రం గుండా పోయేటట్లు చూసి, తన సహజమైన ఇరుసు చుట్టూ ఇంజను ఊగేటట్లు వదిలింది. ‘తేలే శక్తి’ అని దానికి పేరు పెట్టి ఊరూరా చాటింది. ప్రచారపు ఆర్భాటం ఎలా ఉన్నా, సూత్రం నిలిచింది. నేడు దాదాపు ప్రతి మామూలు కారులోనూ ఇంజను రబ్బరు మీదనే కూర్చుంటున్నది.

ఐతే ఈ రబ్బరు మీద పడే బలం ఎంత? చాలామంది ఇంజను బరువునే లెక్క వేస్తారు. అది చిన్న పద్దు. పెద్ద పద్దు మెలి బలానిది. 1950ల తొలినాటి రెండు లీటర్ల లాండ్ రోవర్ ఇంజను ఇచ్చే మెలి బలం సుమారు 14 కిలోగ్రాం-మీటర్లు. అనగా ఒక మీటరు పొడవు గడ కొసకు 14 కిలోల బరువు వేలాడదీసినంత. మొదటి గేరు దానిని మూడు రెట్లు చేస్తుంది. ట్రాన్స్‌ఫర్ బాక్సులోని దిగువ గేరు మరి సుమారు 2.9 రెట్లు. చక్రాలకు పట్టు దొరికి ఇంజను పూర్తి బలంతో లాగితే, ట్రాన్స్‌ఫర్ బాక్సు నుండి బయటకు పోయే బలం 122 కిలోగ్రాం-మీటర్ల దాకా చేరుతుంది. ఇంజను, గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ బాక్సు మూడూ ఒకదానికొకటి బిగించిన ఒకే దిమ్మె. షాఫ్టులను ఒక వైపు ఎంత బలంతో తిప్పుతుందో, ఆ దిమ్మె తాను రెండవ వైపు అంత బలంతో తిరగబోతుంది. తిరగకుండా ఆపేవి ఆ ఫౌండేషన్లే. ఎడమ, కుడి ఆధారాల మధ్య అర మీటరు ఎడం ఉంటే, ఒక వైపు 244 కిలోలు పైకి ఎగదన్నుతుంది, రెండవ వైపు అంతే బలం కిందికి అదుముతుంది. ముందరి జత, వెనుక జత దీనిని పంచుకుంటాయి. నిజమే. కాని గుంటలో చక్రం జారి, గభాలున పట్టు దొరికిన క్షణంలో వచ్చే కుదుపు ఈ లెక్కను మించిపోతుంది. పాత పెట్రోలు ఇంజను కంటె డీజిలుకు మెలి బలం ఎక్కువైతే అంకెలన్నీ అదే దామాషాలో పెరుగుతాయి.

ఈ లెక్క తెలియక జరిగే పొరపాట్లు రెండు. చేతికి దొరికిన పలుచని రేకును వంచి పట్టీ చేయడం ఒకటి. రబ్బరును కేవలం కిందనే ఉంచి, పైకి ఎగదన్నే బలాన్ని మరచిపోవడం రెండవది. బరువు ఎప్పుడూ కిందికే కదా అని మేస్త్రీ అనుకుంటాడు. కాని మొదటి గేరులో బలంగా లాగుతున్నప్పుడు ఇంజను ఒక పక్క చట్రం నుండి లేవజూస్తుంది. రివర్సులో రెండవ పక్క లేస్తుంది. రబ్బరు ఊడినా ఇనుము ఇనుమును పట్టుకుని ఆపేటట్లు, పట్టీలో పట్టీ ఇరుక్కునే అమరిక ఉంటే మేలు. కంపెనీలు చేసే మౌంట్లలో ఇట్టిది తరచుగా ఉంటుంది. షెడ్డులో చేసినవాటిలో అరుదు.

చట్రానికి అతికే తీరు కూడా చెప్పుకోవాలి. లాండ్ రోవర్ చట్రం ఉక్కు రేకులను నాలుగు వైపులా కలిపి వెల్డు చేసిన పెట్టె వంటి దూలం. పెట్టె దూలానికి అడ్డంగా రంధ్రం వేసి బోల్టు బిగిస్తే, బిగించిన కొద్దీ పెట్టె లోనికి నొక్కుకుపోతుంది, బోల్టు వదులవుతుంది. అందుకని రంధ్రం గుండా ముందు ఒక గొట్టం దూర్చి, దానిని రెండు వైపులా వెల్డు చేసి, దాని లోపలి నుండి బోల్టు తీస్తారు. పట్టీ మూలలు చట్రం మీద ఒకే చోట గుచ్చుకోకుండా, కింద వెడల్పాటి పలక వేసి బలాన్ని పరుస్తారు. మొదట టాకాలు మాత్రమే వేస్తారు. ఇంజనును దించి, ఫ్యానుకూ రేడియేటరుకూ ఎడం చూసి, ఆయిలు చాంబరుకూ ముందు ఇరుసుకూ ఎడం చూసి, స్టీరింగు పెట్టెకు తగలదని రూఢి చేసుకుని, రసమట్టం పెట్టి, ఆ తరువాత ఇంజనును మళ్ళీ పైకి తీసి పూర్తి వెల్డింగు చేస్తారు. వేడికి ఇనుము లాగుతుంది. అన్ని బోల్టులూ బిగించి ఉండగా వెల్డు చేసిన పట్టీ చల్లారిన తరువాత బోల్టు తీసి చూడండి, రంధ్రం పక్కకు జరిగి ఉంటుంది. ఇంజను మీదనే వెల్డింగు చేస్తే రబ్బరు కాలుతుంది, అది వేరే నష్టం.

ఇంతవరకు సరిగా చేసిన మేస్త్రీ కూడా దారి తప్పేది గేరు రాడ్డు దగ్గర. ఎందుకంటే రబ్బరు వేసి అతడు సాధించిన సుఖమే ఇక్కడ శత్రువవుతుంది.

పాత జీపులో గేరు రాడ్డు గేరుబాక్సు మూత మీదనే నిలిచి ఉండేది. లాండ్ రోవర్‌లోనూ రాడ్డు ఆధారం ఇంజను-గేరుబాక్సు దిమ్మె మీదనే ఉన్నది. దాని పక్కనే ట్రాన్స్‌ఫర్ బాక్సు రాడ్లు రెండు. ఎర్ర గుండు ఉన్నది ఎగువ, దిగువ గేర్లకు, పసుపు గుండు ఉన్నది ముందు చక్రాలను కలపడానికి. దిమ్మె ఊగితే రాడ్లు కూడా దానితోపాటే ఊగుతాయి. డ్రైవరు చేతిలో గుండు అల్లల్లాడుతుంది. చూడడానికి అనాగరికంగా ఉంటుంది. కాని లోపల గేరుకూ రాడ్డుకూ మధ్య దూరం ఏ మాత్రం మారదు.

కొత్త గేరుబాక్సు పొడవు మారి, రాడ్డు డాష్‌బోర్డు కిందికో సీటు కిందికో పోయినప్పుడు మాత్రం దానిని చేతికి అందే చోటికి తేవాలి. అప్పుడు గేరుబాక్సు దగ్గర ఒక చిన్న లివరు, డ్రైవరు దగ్గర ఒక రాడ్డు, రెండింటినీ కలిపే కడ్డీ తయారవుతాయి. రాడ్డుకు ఆధారం ఎక్కడ వేయాలి? నేలరేకు చదునుగా, ఖాళీగా, అందుబాటుగా కనబడుతుంది. అక్కడే నాలుగు బోల్టులు వేసేస్తారు. అసలు తప్పు ఇదే.

లెక్క చూద్దాం. గేరుబాక్సు లోపల ఒక గేరు పడటానికి సెలెక్టరు కడ్డీ సుమారు పది మిల్లీమీటర్లు జరగాలనుకుందాం. రాడ్డు ఆధారానికి పైన 40 సెంటీమీటర్లు, కింద 5 సెంటీమీటర్లు ఉంటే, డ్రైవరు గుండును ఎనిమిది సెంటీమీటర్లు కదపాలి. చేతికి అది సుఖమే. ఇప్పుడు బండి ఎక్కుడు మీద లాగుతున్నది. దిమ్మె రబ్బరు మీద ఒరిగింది. కడ్డీ తగులుకున్న చోట గేరుబాక్సు అయిదు మిల్లీమీటర్లు జరిగిందనుకోండి. రాడ్డు ఆధారం నేలరేకు మీద ఉన్నది, అది జరగలేదు. అనగా డ్రైవరు రాడ్డును ముట్టుకోకుండానే గేరు కడ్డీ తన ప్రయాణంలో సగం దూరం లాగబడింది. లోపల కడ్డీని తన చోట ఆపి ఉంచేది గాడిలో కూర్చున్న ఒక చిన్న గుండు, దాని వెనుక ఒక స్ప్రింగు. ఆ స్ప్రింగు డ్రైవరు చేతికి లొంగేందుకు చేసినది. ఊగే ఇంజను బరువుతో కుస్తీ పట్టేందుకు చేసినది కాదు.

ఎక్కేటప్పుడు ఆ ఒరుగు గేరును లోపలికి నెట్టే వైపున పడి ఉంటే డ్రైవరుకు ఏమీ తెలియదు. పైగా గేరు గట్టిగా పట్టిందని సంతోషిస్తాడు. శిఖరం చేరి, తిరుగు దారి పట్టి, ఆక్సిలరేటరు వదిలిన క్షణాన చక్రాలే ఇంజనును తిప్పడం మొదలుపెడతాయి. మెలి బలం దిక్కు మారుతుంది. దిమ్మె రెండవ పక్కకు ఒరుగుతుంది. నెట్టిన కడ్డీయే ఇప్పుడు లాగుతుంది. ఎక్కుడులో నిలిచిన గేరు దిగుడులో జారడంలోని రహస్యం ఇంతే. షెడ్డు చుట్టుపక్కల చదును నేల మీద ఎంత తిప్పి చూసినా ఈ దోషం బయటపడదు.

రాడ్డును దూరంగా ఉంచక తప్పనప్పుడు పెద్ద కంపెనీలు ఏమి చేశాయి? జర్మనీ వారి ఫోక్స్‌వాగన్ బీటిల్ మంచి ఉదాహరణ. ఇంజను, గేరుబాక్సు వెనుక, డ్రైవరు ముందు. నేల నడుమ ఉన్న సొరంగం గుండా ఒకే ఒక పొడవాటి కడ్డీ వెనుకకు పోతుంది. ముందుకు వెనుకకు జరగడం ఒక కబురు, తన చుట్టూ తాను తిరగడం రెండవ కబురు. రెండింటినీ ఆ ఒక్క కడ్డీయే మోస్తుంది. గేరుబాక్సు దగ్గర మాత్రం కడ్డీని నేరుగా తగిలించలేదు. మధ్యన రబ్బరు ముక్కలు ఇమిడ్చిన ఒక కలుపు పెట్టారు. గేరుబాక్సు ఊగులాట ఆ కలుపు దగ్గర కొంత ఆగిపోతుంది.

ఈ బీటిల్ నేలనే కోసి 1960లలో కాలిఫోర్నియాలో బ్రూస్ మేయర్స్ ఇసుక దిబ్బల మీద పరుగెత్తే చిన్న బండిని తయారుచేశాడు. మేయర్స్ మాంక్స్ అని దాని పేరు. 1967లో మెక్సికో ఎడారుల మీదుగా జరిగిన పందెంలో అట్టి బండి 27 గంటల 38 నిమిషాలలో మొదటిదిగా వచ్చింది. దానితో దేశదేశాల యువకులు తమ పెరళ్ళలో పాత బీటిళ్ళను కోయడం మొదలుపెట్టారు. ఈ బండికి నేలను పద్నాలుగుంపావు అంగుళాలు పొట్టి చేయాలి. నేలతోపాటు సొరంగంలోని గేరు కడ్డీని కూడా సరిగా అంతే కోసి, మళ్ళీ అతకాలి. ఇక్కడ తప్పులు రెండు విధాల వస్తాయి. పొడవులో తేడా వస్తే ముందరి గేర్లు పడి, వెనుకటివి పడవు. అంతకంటె మోసకరమైనది మెలిక. అతికేటప్పుడు కడ్డీ ఒక కొస రెండవ కొసతో పోలిస్తే కొద్దిగా తిరిగి ఉంటే, డ్రైవరు రెండవ గేరనుకుని వేసినది మరొక వరుసలో పడబోతుంది. అందుకని కోయకముందే కడ్డీ పొడుగునా నిలువుగా ఒక గీత గీసి, అతికేటప్పుడు ఆ గీతను గీతకు కలుపుతారు. చాకు మొనతో గీసిన ఒక గీత ఖరీదు ఏమీ ఉండదు. మరచిపోతే కడ్డీని మళ్ళీ కోయవలసిందే.

మళ్ళీ మన కొండ బండి దగ్గరకు వద్దాం. రాడ్డును వెనుకకు తేవలసినప్పుడు నిలకడైన మార్గం గేరుబాక్సు మీదనే ఒక చేయి వంటి బ్రాకెట్టు బిగించి, రాడ్డు ఆధారాన్ని ఆ చేతి కొసన ఉంచడం. కడ్డీ, రాడ్డు, ఆధారం అన్నీ గేరుబాక్సుతోపాటే ఊగుతాయి. నేలరేకుకు వాటితో సంబంధమే ఉండదు. బ్రాకెట్టు మాత్రం వంగనిదై ఉండాలి. చదును పట్టీతో చేస్తే డ్రైవరు గేరు నెట్టినప్పుడు అదే వంగి, గేరు సగమే పడుతుంది. పెట్టె ఆకారంగానో గొట్టంతోనో చేయాలి. కీళ్ళు కూడా ఎంత తక్కువైతే అంత మంచిది. ఒక్కొక్క కీలులో ఒక్క మిల్లీమీటరు వదులు ఉన్నా, ఎనిమిది రెట్ల రాడ్డు కొసన అది ఎనిమిది మిల్లీమీటర్లవుతుంది. మూడు కీళ్ళుంటే గుండు గాలిలో తేలుతున్నట్లుంటుంది. బురద, నీరు చేరే చోట బాల్ జాయింటుకు రబ్బరు తొడుగు లేకపోతే ఒక్క వర్షాకాలంలో ఈ వదులు వచ్చేస్తుంది.

ఇంకొక కారణం ఉన్నది. చెబితే నవ్వుతారు గాని, జారే గేర్లలో చాలావాటికి మందు అదే. నేలరేకులో రాడ్డు కోసం కోసిన రంధ్రం చిన్నదై ఉంటుంది. రాడ్డు రంధ్రపు అంచుకు తగిలి ఆగిపోతుంది. గేరు పడిందని డ్రైవరు అనుకుంటాడు. లోపల పళ్ళు మూడు వంతులే కలిశాయి, గుండు గాడిలో పూర్తిగా కూర్చోలేదు. దిమ్మె ఒరిగినప్పుడు రేకు అంచే రాడ్డును వెనుకకు నెడుతుంది. రెండు వేళ్ళ వెడల్పు రేకు కత్తిరించి, పైన తోలు తొడుగు వేస్తే సరిపోయే దానికి గేరుబాక్సు విప్పించిన వారు తక్కువమంది కారు.

ఇన్ని జాగ్రత్తలు పడినా బండి రోడ్డు మీద తిరగాలంటే చట్టం కూడా ఒప్పుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వాహనాల మార్పులకు హద్దులు గీసింది. 2019 జనవరి 9న, కేరళ నుండి వచ్చిన ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు దీనిని స్పష్టం చేసింది. తయారీదారు నిర్ణయించిన మూల వివరాలకు భిన్నంగా, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు మారిపోయేటట్లు వాహనాన్ని మార్చరాదు. ఇంజను మార్చదలచినవారు రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి ముందుగా పొందాలి. పాత జీపులను ఇష్టానుసారం పొడిగించి, ఎత్తు పెంచి అమ్మేవారికి ఈ తీర్పు పెద్ద దెబ్బ. ఊరేగింపుల కోసం చేసే అట్టి హంగులను అరికట్టవలసిందే. కాని విడిభాగాలు దొరకని బండిని బతికించడానికి చేసే మార్పును హంగుతో ఒకే గాటన కట్టకుండా, దానిని పరీక్షించి ఒప్పుకునే ఇంజనీరింగు ఏర్పాటు జిల్లా జిల్లాకూ ఉండటం న్యాయం. వెల్డింగు చక్కగా ఉన్నదో లేదో పత్రం చూసి తెలియదు, బండి కింద పడుకుని చూడాలి.

చూసే పద్ధతి తెలిసినవారు ఇలా చూస్తారు. నేలరేకు బిగించకముందే, చక్రాలకు ముందూ వెనుకా దిమ్మెలు పెట్టి, హాండ్ బ్రేకు లాగి, ఎవరూ బండికి ఎదురుగా నిలబడకుండా చూసుకుని, ఒకరు మొదటి గేరులో క్లచ్చిని ఇంచుమించు పట్టేదాకా వదులుతారు. మరొకరు పక్క నుండి గేరుబాక్సు ఎంత ఒరిగిందో చూసి, పట్టీ మీద సుద్దతో గుర్తు పెడతారు. తరువాత రివర్సు. రెండు గుర్తుల మధ్య దూరమే ఆ బండి ఊగులాట. ఆ దూరంలో ఎక్కడా కడ్డీ చట్రానికి తగలకూడదు, షాఫ్టు అడ్డుపట్టీకి రాసుకోకూడదు, సైలెన్సరు గొట్టం గేరుబాక్సును నెట్టకూడదు. అటు తరువాత దగ్గరలోని ఒక వాలు మీదికి ఖాళీ బండిని తీసుకుపోయి, దిగువ మొదటి గేరులో ఆక్సిలరేటరు వదిలి, బ్రేకు మీద కాలు సిద్ధంగా ఉంచి, నెమ్మదిగా దించుతారు. రాడ్డు మీద చేయి ఉంచరు. అది తనంతట తాను కదులుతున్నదా అని చూస్తారు. ఒక వంద కిలోమీటర్లు తిరిగాక రబ్బరు సర్దుకుంటుంది. బోల్టులన్నీ మరొక చుట్టు బిగించి, సుద్ద గుర్తులను మళ్ళీ కొలిచి, అవి మారలేదని తేలిన తరువాతనే నేలరేకు వేసి మరలు బిగిస్తారు.